జపనీస్ మీద మనసు

కొత్త భాష నేర్చుకోవాలంటే కొందరు ఫ్రెంచి అంటారు, కొందరు జర్మన్. నా మనసు మాత్రం జపనీస్ మీదే. క్రియ వాక్యం చివరికే వస్తుంది, విభక్తులు మనలాగే నామవాచకం వెనకాల చేరతాయి. తెలుగువాళ్లకి వాక్యం పెద్దగా బెదురు పుట్టించదు. తంటా అంతా లిపితోనే. నిత్యవ్యవహారానికి జపాన్ ప్రభుత్వం ఖరారు చేసిన కంజి అక్షరాలే 2,136. హిరగానా, కటకానా అనే రెండు లిపులు అదనం. ఎన్5 నుంచి ఎన్1 దాకా ఐదు మెట్ల జేఎల్‌పీటీ అనే జపనీస్ భాషా పరీక్ష ఉంది గానీ, అందులో మాట్లాడించే భాగమే లేదు! సర్టిఫికెట్టు చేతికొచ్చినా నోరు పెగలకపోవచ్చు. అందుకే నాకు నచ్చిన పద్ధతి వేరు: జపాన్ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే వార్తలు పెట్టుకుని, చదివేవాళ్ల వెంటే, అర్థమైనా కాకపోయినా, పైకి అనేయడం. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. రోజూ పావుగంట చాలు; ఆదివారం నాలుగు గంటలు కూర్చుని సోమవారానికి మరిచిపోయే చదువు మీద నాకు నమ్మకం లేదు. కంజి సంగతంటారా, మెల్లగా చూసుకోవచ్చు.