మార్కులు కాదు, మనిషిని చూడండి

మెమరీ క్లినిక్‌లో పేషెంటు కూర్చోగానే పరీక్ష కాగితాలు తీయకండి. ముందు వినపడుతోందో లేదో చూడండి. మా మేడమ్ నేర్పిన మొదటి పాఠమిది. మాటలు సరిగ్గా వినపడకపోతే తగ్గిన మార్కులకు అర్థమే ఉండదు. పైగా వినికిడి లోపం కూడా మతిమరుపును ముదరబెట్టేదే. డిమెన్షియా మీద లాన్సెట్ వైద్యపత్రిక కమిషన్ 2024లో చెప్పిన, మనం సరిదిద్దుకోగల 14 కారణాల్లో బీపీ, షుగర్, పొగతాగడం, దిగులుతో పాటు అదీ ఉంది.

తర్వాత ఇంటివాళ్లతో విడిగా మాట్లాడండి. ‘మతిమరుపు ఉందా?’ అంటే అందరూ ఉందనే అంటారు. ‘పెన్షన్ ఎవరు తెస్తున్నారు? మాత్రలు ఎవరు తీసిస్తున్నారు?’ అని అడగండి. పరీక్షలో మార్కులు తగ్గినా తన పనులు తానే చక్కబెట్టుకుంటుంటే ఎంసీఐ, అంటే మతిమరుపు తేలికపాటి దశ. అవి చేతకాక ఇంకొకరి మీద పడితే డిమెన్షియా అనుమానించాలి. కోడలొచ్చాక అత్తగారు వంట మానేయడం మన ఇళ్లలో మామూలే, కాబట్టి ఎందుకు మానేశారో కూడా అడగాలి.

అసలు పనితనం డిలేడ్ రీకాల్‌లో ఉంది. కొన్ని మాటలు చెప్పి, కాసేపు వేరే పనిలో పెట్టి మళ్లీ అడుగుతాం. గుర్తు రాకపోతే ‘అదో కూరగాయ’ అని అందించండి. చటుక్కున ‘బెండకాయ’ అంటే మాట లోపలే ఉంది, పైకి రావడం లేదంతే. అలాంటప్పుడు కారణం కోసం నిద్ర, దిగులు, బీ12, థైరాయిడ్, వాడే మందులు, అన్నీ వెతకండి. అందించినా ఆ మాట ఎన్నడూ విననట్టు చూస్తే మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ దెబ్బతిందేమో చూడాలి. ముదిరే ముప్పు వీళ్లకే ఎక్కువ.

పోచంపల్లి వైపు నుంచి చదువులేని పెద్దావిడ వచ్చారు. గడియారం గీయమంటే పెన్సిల్ ముట్టలేదు. కాగితం పక్కనపెట్టి చీర నేసే పని చెప్పమన్నాను. ఆసు పోయడం, చిటికి కట్టడం, రంగులు, నేత, వరస తప్పకుండా చెప్పారు. భర్త పోయిన దిగులు, అదుపులేని షుగర్ బయటపడ్డాయి. వాటికి వైద్యం జరిగాక మరుసటి ఏడు మాటలు బాగా అప్పజెప్పారు. నా పని మీద నాకు నమ్మకం కుదిరింది ఆ రోజే.

ఇంట్లో ఏ భాషలు మాట్లాడతారో తప్పక రాసుకోండి. నిమ్స్‌లో డాక్టర్ అల్లాడి సువర్ణ బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా కనిపించింది, చదువు రానివాళ్లలోనూ.

‘ముదురుతుందా?’ అని ఇంటివాళ్లు అడుగుతారు. క్లినిక్‌కొచ్చే ఎంసీఐ వాళ్లలో ఏటా సుమారు 10 నుంచి 15 శాతం మందికి ముదురుతుంది, కొందరు మామూలవుతారు. రెండూ చెప్పండి. మళ్లీ పరీక్షించేటప్పుడు మాటల జాబితా మార్చండి. పాతవి నోటికొచ్చి ఉంటే మార్కులు ఊరికే పెరుగుతాయి.