మెరీనా ఎదుట చదువుల ఇల్లు

మద్రాసుకు వచ్చిన చుట్టాలను మెరీనాకు తీసుకువెళ్ళనివారు మనలో ఎవరుంటారు? అందరూ సముద్రం వైపే చూస్తారు. నేను మాత్రం వారిని ఒక్క నిమిషం రోడ్డుకు ఈవలి వైపు తిప్పుతాను. అక్కడే ఉంది క్వీన్ మేరీస్ కళాశాల.

1914 జూలైలో 'మద్రాసు మహిళా కళాశాల' అన్న పేరుతో, అంతకు ముందు హోటలుగా ఉన్న కేపర్ హౌస్‌లో ఇది మొదలైంది. తొలి ప్రిన్సిపాల్ ఇంగ్లండు నుంచి వచ్చిన డరోతీ డి లా హే. ఇప్పటి పేరు 1917లో వచ్చింది. నగరంలో రెండో మహిళా కళాశాల విమెన్స్ క్రిస్టియన్ కాలేజీ 1915లో వెలిసింది.

అంతకు ముందు ఆడవాళ్ళు పట్టాలు పుచ్చుకోలేదని కాదు. రాజమండ్రిలో పుట్టిన కమలా సత్యనాథన్ గారు బందరు నోబుల్ కాలేజీలో, మగపిల్లల నడుమ చదివి పట్టభద్రులయ్యారు. 1901లో మద్రాసు నుంచి ఆడవారి కోసం ఇంగ్లీషు పత్రిక నడిపారు. కాని అటువంటివారిని వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. బాల్యవివాహాలు ఒక కారణమైతే, "ఊరుగాని ఊళ్ళో పిల్లను ఎవరింట ఉంచాలి?" అన్న బెంగ రెండోది.

ఆ బెంగ తీర్చింది హాస్టలే. మా అమ్మ గుడియాత్తంలో స్కూలు ఫైనలు ప్యాసయ్యేనాటికి మద్రాసులో మాకు బంధువులు లేరు. హాస్టలు గదులు తన కళ్ళతో చూసి, వార్డెనుతో మాట్లాడాకే తాతయ్య సరేనన్నారు. "మంచం దొరికింది కనుక చదువు దొరికింది" అంటుంది అమ్మ.

ఆవరణలోని భవనాల్లో ఒకటి పెంట్లాండ్ హౌస్. ఆయన ఆనాటి మద్రాసు గవర్నరు. మరొకటి జయపూర్ హౌస్. ఒడిశాలోని మనవారికి జయపురం సంస్థానం గురించి వేరే చెప్పాలా?

2003లో ఈ స్థలంలో కొత్త సచివాలయం కట్టాలని రాష్ట్ర ప్రభుత్వం తలపెట్టింది. విద్యార్థినులు ఆవరణ వదలకుండా రాత్రింబవళ్ళు బైఠాయించారు. చివరకు ఆ ప్రయత్నం ఆగిపోయింది. కేపర్ హౌస్ ఇప్పుడు లేదు, కళాశాల ఉంది.

మన తెలుగు సంఘాలు ఊరూరా కల్యాణ మండపాలు కట్టుకున్నాయి. సంతోషం. చదువు కోసం ఊరు దాటి వచ్చే మన పిల్లలకు, ఆ మండపం పైన నాలుగు గదులు కూడా వేయలేమా? పెద్దలు ఆలోచించాలి.