ఆదివారం సెలవు తీసుకునే గోల్ఫ్ మైదానం

ఆదివారం అంటే గోల్ఫ్ ఆడేవాళ్లకి పండగే. ఆఫీసు ఉండదు, మీటింగులు ఉండవు. ఏ దేశంలో చూసినా గోల్ఫ్ కోర్సులు కిటకిటలాడేది ఆ రోజే. కానీ గోల్ఫ్‌కి పుట్టిల్లు అని చెప్పుకునే చోట మాత్రం ఆదివారం ఆట బంద్!

స్కాట్లాండ్ తూర్పు తీరంలో సెయింట్ ఆండ్రూస్ అని చిన్న ఊరుంది. అక్కడి ఓల్డ్ కోర్స్‌లో ఒక్క రౌండు ఆడటానికి సీజన్‌లో 300 పౌండ్లకు పైనే కట్టాలి. అంత కడతామన్నా అందరికీ దొరకదు, లాటరీలో పేరు రావాలి. అలాంటి మైదానం ఆదివారం వచ్చిందంటే చాలు, ఊరి పార్కు అయిపోతుంది. కుక్కల్ని తిప్పేవాళ్లు, పిల్లల బండి తోసుకెళ్లే అమ్మానాన్నలు, సెల్ఫీలు దిగే స్టూడెంట్లు... అందరూ దర్జాగా మధ్యలోంచే నడుస్తుంటారు. టికెట్ లేదు, గేటు లేదు, "ఎవరు మీరు?" అని అడిగే గార్డు లేడు. పెద్ద టోర్నమెంట్లు ఉన్న కొన్ని ఆదివారాలు తప్ప ఏడాదంతా ఇదే పద్ధతి.

మన దగ్గర గోల్ఫ్ అంటే ఎత్తు గోడలు, మెంబర్‌షిప్ కార్డులు, లోపల ఏముందో బయటివాళ్లకి తెలియని ప్రపంచం. మరి గోల్ఫ్ పుట్టిన చోట ఇలా ఎందుకుంది?

క్లబ్బులు చాలా... నేల మాత్రం ఊరిది

సముద్రానికీ పొలాలకీ మధ్య మిగిలిపోయే ఇసుక నేలని అక్కడ 'లింక్స్' అంటారు. దున్నడానికి పనికిరాదు, గొర్రెలు మేపుకోవడానికి బాగుంటుంది. మన ఊళ్లలో మేత పోరంబోకు లాంటిదన్నమాట. అక్కడ గోల్ఫ్ ఎంత పాతదంటే, 1457లోనే స్కాట్లాండ్ రాజు రెండో జేమ్స్ ఈ ఆటని నిషేధించాడు. కుర్రాళ్లు విలువిద్య మానేసి కర్రా బంతీ పట్టుకుని తిరుగుతున్నారని ఆయన బాధ! (ఫోన్ పక్కన పెట్టి చదువుకోమనే నాన్నలు అప్పుడూ ఉన్నారు.)

1552లో ఆర్చ్‌బిషప్ జాన్ హామిల్టన్ ఒక పత్రం రాయించాడు. ఈ ఇసుక నేల మీద ఆడుకునే హక్కు ఊరి జనానికి ఉందని అందులో ఉంది. ఆ హక్కు తేలిగ్గా నిలబడలేదు. 1797లో అప్పుల్లో కూరుకుపోయిన ఊరి కౌన్సిల్ ఆ నేలని వదులుకుంది. అది కుందేళ్లు పెంచే వ్యాపారుల చేతికి పోయింది. మైదానం నిండా బొరియలే బొరియలు. కుందేళ్ల వాళ్లకీ గోల్ఫ్ ఆడేవాళ్లకీ ఏళ్ల తరబడి కొట్లాటలు, కోర్టు కేసులు. చివరికి 1821లో జేమ్స్ చీప్ అనే స్థానిక భూస్వామి కొనుక్కోవడంతో మైదానం బతికింది.

ఇప్పుడు అది మళ్లీ ఊరి ఆస్తి. 1974లో చేసిన ఒక పార్లమెంటు చట్టం ప్రకారం లింక్స్ ట్రస్ట్ దాని బాగోగులు చూస్తోంది. ఆ ట్రస్ట్ చేతిలో మొత్తం 7 కోర్సులున్నాయి. మైదానం పక్కనే రాతికోటలా నిలబడిన ఆర్ అండ్ ఏ క్లబ్ భవనం మీరు ఫొటోల్లో చూసే ఉంటారు. అంత పేరున్న క్లబ్బుకి కూడా ఓల్డ్ కోర్స్‌లో సెంటు భూమి లేదు. ఊళ్లోని మిగతా క్లబ్బుల్లాగే అదీ ఇక్కడికొచ్చి ఆడుకోవాల్సిందే. ఊళ్లో ఉండేవాళ్లకి ఏడాది టికెట్ ఉంటుంది. బయటివాళ్లు కట్టే ఫీజుతో పోలిస్తే అది చాలా తక్కువ.

నవంబరు నుంచి చాప మీద ఆట

టూరిస్టులు తగ్గిపోయే చలికాలంలోనే ఈ మైదానానికి అసలు పని మొదలవుతుంది.

గోల్ఫ్ షాట్ సరిగ్గా తగిలితే బంతితో పాటు ఒక గడ్డి పెళ్ల కూడా లేచిపోతుంది. వేసవిలో అయితే ఆ గుంటలో కాస్త ఇసుక, విత్తనాలు వేస్తే మళ్లీ పచ్చబడుతుంది. చలికాలంలో గడ్డి దాదాపు పెరగదు. లేచిన పెళ్ల లేచినట్టే, గుంట గుంటలాగే ఉంటుంది. అందుకే నవంబరు నుంచి మార్చి దాకా ఓల్డ్ కోర్స్‌లో ఒక నియమం పెట్టారు. ఫెయిర్‌వే మీద, అంటే మధ్యలో పొట్టిగా కత్తిరించిన గడ్డి మీద, బంతిని నేరుగా కొట్టకూడదు. చేతిలో చిన్న ప్లాస్టిక్ గడ్డి చాప పట్టుకెళ్లి, బంతిని దాని మీద పెట్టి కొట్టాలి. ఎంత పెద్ద ఆటగాడైనా సరే.

వినడానికి నవ్వొస్తుంది. జీవితాంతం కలగని ఇక్కడికొచ్చి, చాప మీద ఆడటమా? కానీ ఐదు నెలలు ఇలా ఓపిక పడితేనే వేసవిలో ఆ పచ్చిక కనపడేది.

ఇదే చలికాలంలో బంకర్లు కూడా కొత్తగా కడతారు. బంకర్ అంటే బంతిని మింగేసే ఇసుక గుంట. ఓల్డ్ కోర్స్‌లో ఇవి 112 ఉన్నాయి. 14వ హోల్ దగ్గర ఉన్నదాని పేరే 'హెల్'. నరకమన్నమాట! వాటి గోడలు సిమెంటుతోనో రాళ్లతోనో కట్టినవి కావు. పచ్చికని పలకల్లా కోసి, ఇటుకలు పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి, కాస్త వెనక్కి వాలేలా పేరుస్తారు. ఎండ తగిలే వైపు గోడ ముందుగా ఎండిపోయి రాలుతుంది. అందుకే ఏటా కొన్ని బంకర్లని విప్పి మళ్లీ పేర్చాల్సిందే. టీవీలో ఆటగాడు బంకర్‌లో ఇరుక్కుపోతే మనం అతని మొహం చూస్తాం. ఆ గోడ వెనక గడ్డకట్టే గాలిలో, మోకాళ్ల మీద కూర్చుని పలకలు పేర్చిన పనివాళ్లు మనకి కనపడరు.

టామ్ ముసలాయన ఇసుక మంత్రం

ఈ పనికి గురువు ఓల్డ్ టామ్ మారిస్. 1821లో ఇదే ఊళ్లో పుట్టాడు. ఓపెన్ చాంపియన్‌షిప్ నాలుగుసార్లు గెలిచాడు. 1860ల మధ్యలో ఏడాదికి 50 పౌండ్ల జీతం మీద ఈ మైదానం చూసుకునే పనిలో చేరి, దాదాపు 40 ఏళ్లు చేశాడు. అంతకుముందు ప్రెస్ట్‌విక్‌లో పనిచేస్తున్నప్పుడు ఒంటి చక్రం బండిలోని ఇసుక పొరపాటున గ్రీన్ మీద ఒలికిపోయిందట. కొన్నాళ్లకి సరిగ్గా అక్కడే గడ్డి ఏపుగా పెరిగింది. అంతే, అప్పట్నుంచి గ్రీన్స్ మీద పల్చగా ఇసుక చల్లడం ఆయనకి అలవాటైపోయింది. ఇవాళ ప్రపంచమంతా చేస్తున్నది అదే.

ఆదివారం సెలవుని గట్టిగా కాపాడింది కూడా ఆయనే. ఆడనివ్వమని అడిగిన పెద్దమనుషులతో, మీకు విశ్రాంతి అక్కర్లేకపోవచ్చుగానీ మైదానానికి కావాలి అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదట్లో ఆ సెలవు వెనక దైవభక్తి కూడా ఉంది. ఇప్పుడు ఆదివారాలు చర్చికి వెళ్లనివాళ్లు కూడా ఆ సెలవుని మాత్రం వదులుకోవడం లేదు.

అప్పట్లో ఇంకో ఉపాయం కూడా ఉండేది. ఒక వారం కుడి వైపు నుంచి, ఇంకో వారం ఎడమ వైపు నుంచి ఆడేవాళ్లు. ఒకే చోట తొక్కీ తొక్కీ నేల పాడవకుండా అన్నమాట.

బాగు చేయడమా, మార్చేయడమా?

ఇప్పుడు అసలు చిక్కు. 2027లో 155వ ఓపెన్ ఇక్కడే జరగబోతోంది. దానికోసం 2025 నవంబరులో పెద్ద పనులు మొదలుపెట్టారు. కొన్ని హోల్స్‌కి టీలు, అంటే మొదటి షాట్ కొట్టే చోట్లు, వెనక్కి జరిపారు. దాంతో కోర్సు మొత్తం పొడవు 130 గజాలకు పైగా పెరుగుతుంది. కొన్ని బంకర్లని జరపడం, కొన్నిటిని పాత రూపానికి తేవడం కూడా ఆ ప్లాన్‌లో ఉన్నాయి.

ఎందుకంటే బంతులు మరీ దూరం ఎగురుతున్నాయి. 2000లో టైగర్ వుడ్స్ ఇక్కడ నాలుగు రౌండ్లలో ఒక్కసారి కూడా బంకర్‌లో పడకుండా గెలిచాడు, స్కోరు పార్‌కి 19 తక్కువ. 2022లో కామెరాన్ స్మిత్ 20 తక్కువతో గెలిచాడు. వందల ఏళ్ల క్రితం పడ్డ గుంటల మీంచి ఇవాళ్టి బంతి విమానంలా దాటిపోతోంది.

మరి మార్చాల్సింది మైదానాన్నా, బంతినా? గోల్ఫ్ లోకంలో ఈ గొడవ చాన్నాళ్లుగా నడుస్తోంది. 2015 ఓపెన్‌కి ముందు కొన్ని గ్రీన్ల అంచులు, బంకర్లు మార్చినప్పుడు చాలామంది మండిపడ్డారు. బంతి ఎగిరే దూరం తగ్గించాలని రూల్స్ సంస్థలు 2023 డిసెంబరులో నిర్ణయించాయి. అది అమల్లోకి రావడానికి మాత్రం టైమ్ పడుతుంది. అప్పటిదాకా టీలు వెనక్కి జరుగుతూనే ఉంటాయేమో!

అయితే మైదానాన్ని మార్చేది ఇంజినీర్లు మాత్రమే కాదు, ఆడేవాళ్లు కూడా. 17వ హోల్ దగ్గర రోడ్ బంకర్ ఉంది. 1978 ఓపెన్‌లో జపాన్ ఆటగాడు నకజిమా అందులో పడి, బయటపడటానికి నానా తంటాలు పడి, ఆ ఒక్క హోల్‌కే 9 షాట్లు తీసుకున్నాడు. అందులోంచి కొట్టిన ప్రతి షాట్‌కీ పిడికెడు ఇసుక పైకి చిమ్ముతుంది. ఏళ్ల తరబడి అది పేరుకుని గ్రీన్ అంచు ఎత్తు పెరుగుతుంది. ఈసారి పనుల్లో దాన్ని సరిచేయడమూ ఒకటి. ఇది మార్పు అనాలా, పాతదాన్ని తిరిగి తేవడం అనాలా? మీరే చెప్పండి.

ఎక్కడ గీత దాటామో ఊరికి మాత్రం ఇట్టే తెలిసిపోతుంది. 18వ హోల్ దగ్గర స్విల్కన్ బ్రిడ్జి అని చిన్న రాతి వంతెన ఉంది. గొర్రెల కాపరుల కోసం కట్టింది, 700 ఏళ్ల నాటిదని చెబుతారు. ఫొటోలు దిగేవాళ్ల తొక్కుడికి దాని ముందు గడ్డి బతకడం లేదని 2023 ఫిబ్రవరిలో గుండ్రంగా రాళ్లు పరిచారు. ఇంటి ముందు అరుగులా ఉందంటూ సోషల్ మీడియాలో ఒకటే గోల. కొద్ది రోజుల్లోనే రాళ్లు పీకేసి మళ్లీ పచ్చిక వేశారు.

పోటీలు... ఫిరంగి మోత, బంగారు నాణెం

వసంతం వచ్చేసరికి చాపలు పోతాయి, పోటీలు వస్తాయి. ఊళ్లో క్లబ్బులు బోలెడు. 1843లో పుట్టిన సెయింట్ ఆండ్రూస్ గోల్ఫ్ క్లబ్, 1902 నాటి న్యూ గోల్ఫ్ క్లబ్... ఇలా. ఎవరి మెడల్ పోటీలు వాళ్లవి, మైదానం మాత్రం అందరిదీ ఒకటే. ఇక్కడ హ్యాండిక్యాప్ గురించి తెలుసుకోవాలి. మీ సగటు ఆటని బట్టి మీకు కొన్ని షాట్లు తగ్గింపు ఇస్తారు. దాంతో బాగా ఆడే కుర్రాడితో రిటైరైన తాతగారు కూడా సమానంగా పోటీ పడొచ్చు. క్లబ్ పోటీల్లో మజా అంతా అందులోనే ఉంది.

అన్నిట్లోకి చూడాల్సింది సెప్టెంబరులో ఆర్ అండ్ ఏ శరదృతువు సమావేశం. కొత్త కెప్టెన్ పొద్దున్నే మొదటి టీ మీద నిలబడి ఒకే ఒక్క షాట్ కొడతాడు. అదే క్షణంలో ఫిరంగి పేలుతుంది. ముందు నిలబడ్డ క్యాడీలంతా బంతి కోసం పరుగో పరుగు. తెచ్చిచ్చినవాడికి కెప్టెన్ బంగారు నాణెం ఇస్తాడు. ఆ ఒక్క షాట్‌తో ఆయన సిల్వర్ క్లబ్ పోటీ 'గెలిచినట్టు' లెక్క. 1754లో మొదలైన ఆ పోటీలో ఇప్పుడు ప్రత్యర్థులెవరూ లేరు మరి!

ఈ ముచ్చటలో ఒక మచ్చ ఉంది. ఆర్ అండ్ ఏ క్లబ్ ఆడవాళ్లని సభ్యులుగా తీసుకోవాలని ఓటేసింది 2014 సెప్టెంబరులో. అంటే నిన్నగాక మొన్న. ఆ ఊరి ఆడవాళ్లు మాత్రం అంతదాకా ఆగలేదు. 1867లోనే సొంతంగా లేడీస్ పుటింగ్ క్లబ్ పెట్టుకున్నారు. వాళ్ల ఎగుడుదిగుడు గ్రీన్ పేరు ఏంటో తెలుసా? 'హిమాలయాస్'!

మీరు వెళ్తే

ఎడిన్‌బరాలోనో డండీలోనో చదువుకుంటున్న ఫ్రెండ్ ఉంటే చెప్పండి, ఒక ఆదివారం ప్లాన్ చేయమని. ఎడిన్‌బరా నుంచి లూకర్స్ స్టేషన్‌కి రైల్లో సుమారు గంట, అక్కడి నుంచి బస్సులో కొద్ది నిమిషాలు. చలికాలమైతే మంచి జాకెట్ ఉండాల్సిందే, సముద్రపు గాలి ఎముకలు కొరుకుతుంది.

మొదటి టీ దగ్గర మొదలుపెట్టి స్విల్కన్ వంతెన దాకా నడవండి. గ్రీన్స్ మీద కాలు పెట్టకండి, బంకర్లలోకి దిగకండి. జెండాల మీద నంబర్లు గమనించండి. ఇక్కడ 7 గ్రీన్స్‌ని రెండేసి హోల్స్ పంచుకుంటాయి. 2కి 16, 3కి 15, 4కి 14... ఏ జత కూడినా 18 వస్తుంది. పక్కనే వెస్ట్ శాండ్స్ బీచ్. 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమాలో కుర్రాళ్లు పరుగెత్తేది ఆ ఇసుకలోనే. వేసవిలో వెళ్తే, సభ్యులు ఆడని వేళల్లో కొద్ది పౌండ్లు కట్టి హిమాలయాస్‌లో మీరూ పుటర్ పట్టొచ్చు.

నవంబరు తర్వాత వెళ్లినవాళ్లకి ఇంకో దృశ్యం కూడా దొరుకుతుంది. వారం రోజుల్లో అయితే, సగం విప్పిన బంకర్లు, పక్కన పేర్చి ఉంచిన పచ్చిక పలకలు, దూరంగా చేతిలో చాపలతో నడిచే ఆటగాళ్లు. 2027లో టీవీలో ఓపెన్ చూసేటప్పుడు ఆ గోడల్ని గుర్తుపడతారు.