డోలీ కర్ర, బండి స్ప్రింగు

తారు రోడ్డు దిగాక మా ఊరికి నాలుగు కిలోమీటర్లు మట్టిదారి. మధ్యలో గెడ్డ. 2022లో పాడేరు జిల్లా కేంద్రమైంది గానీ మా దారి అలాగే ఉంది. మాస్టారు ఉద్యోగం వచ్చాక, దూరప్రయాణాలకు వాడే పెద్ద బండి ఒకటి సెకండ్ హ్యాండులో కొన్నాను. కొంత షోకే, కాదనను. కానీ చిన్నప్పుడు నాయనమ్మను డోలీలో మోసుకెళ్లడం చూశాను. అమ్మకు ఆ గతి రాకూడదనుకున్నాను.

వచ్చింది. నా బండి వల్లే వచ్చింది.

కాఫీ కోతల కాలం. వెనక అమ్మ, పక్కన కాఫీ గింజల సంచి, సంతకు పోతున్నాం. కల్వర్టు దాటగానే వానలకు కోసుకుపోయిన గుంత. వెనక సస్పెన్షన్ అడుగుదాకా కుంగి ఠక్కున కొట్టుకుంది, మరుక్షణం ఎత్తి విసిరింది. అమ్మ ఎగిరి మళ్లీ సీటు మీదే పడింది. కింద పడలేదు, కానీ దిగలేకపోయింది. అంబులెన్సు అక్కడికి రాదు. వెదురు కర్రకు దుప్పటి కట్టి నలుగురం మార్చుకుంటూ మోశాం. నడుం పూస చిట్లిందని పాడేరు ఆసుపత్రిలో చెప్పారు.

ఆ దారంతా ఒకటి గమనించాను. అడుగడుక్కీ కర్ర వంగి లేస్తోంది. అది ఎక్కువ ఊగబోతే ముందున్న పెదనాన్న మోకాళ్లు వంచి, అడుగు మార్చి ఊపును ఆపేస్తున్నాడు. అమ్మ ఒక్కసారి కూడా మూలగలేదు.

తర్వాత విశాఖలో ఒక మెకానిక్ దగ్గరికి వెళ్లాను. స్ప్రింగు కింద రింగు చివరిదాకా బిగించే ఉంచానని గొప్పగా చెప్పాను.

"అది తిప్పితే బండి ఎత్తు లేస్తుంది మాస్టారూ, స్ప్రింగు గట్టిపడదు. మీ బరువెంత? వెనక కూర్చునేవాళ్ల బరువెంత?"

నా బరువు తెలుసు, 78 కిలోలు. అమ్మది తెలీదు. బండి బరువు, మైలేజీ, ట్యాంకు ఎంత పడుతుందో అన్నీ నోటికి చెప్పగలను.

ఇంటికొచ్చి, కాఫీ తూచే కాటా మీద అమ్మను నిలబెట్టాను. 43 కిలోలు. "నన్నూ షావుకారికి అమ్మేస్తావేటి?" అంది.

సంచితో కలిపి 141 కిలోలు. అంత బరువు పెట్టి కొలిస్తే, 180 మిల్లీమీటర్లు కదలాల్సిన వెనక చక్రం ముందే 80 కుంగిపోయింది. మూడో వంతు, అంటే 60 దాకా కుంగితే చాలట. పైగా షాక్ అబ్జార్బర్‌లో ఆయిలు కారిపోయింది. స్ప్రింగు పని లేపడం. సన్నని రంధ్రాల్లోంచి పోతూ ఆ లేపడాన్ని నెమ్మది చేయడం ఆయిలు పని. నా బండిలో స్ప్రింగుంది, పెదనాన్న మోకాళ్లు లేవు.

బరువుకు తగిన స్ప్రింగుతో కొత్త షాక్ వేయించాను. ముందు ఫోర్కుల్లో స్ప్రింగులు, ఆయిలు కూడా మార్చాను. ఒక నెల జీతం దాటింది. రోడ్డు పడితే ఇంత ఖర్చుండదని నా ఆవిడ అంది, నిజమే. అర్జీ పెట్టి ఏడాదైంది.

మొదట ఒక్కడినే సంచుల్లో 43 కిలోల ఇసుక నింపి వెనక కట్టుకుని పదిసార్లు తిరిగాను. గుంతలో బండి ఒకసారి కుంగి, ఒకసారి లేచి, సర్దుకుంటోంది. ఆ తర్వాతే అమ్మను అడిగాను. మూడు వారాలు మాట్లాడలేదు. నాలుగో సంతకు ఎక్కింది.

కల్వర్టు దగ్గర మాత్రం ఇప్పటికీ భుజం తడుతుంది. దిగి నడుస్తుంది. నేను అవతల బండి ఆపుకుని నిలబడతాను.