ఫుర్సత్‌గంజ్‌లో ఓ పూట

మా మేనల్లుడు ఇంటర్‌ ఎంపీసీ పాసయ్యాడు. 'పైలెట్‌నవుతా, డిగ్రీ చదవను' అని భీష్మించుకు కూర్చున్నాడు. 'ముందు డిగ్రీ చేతికి రానీ' అంటుంది అక్కయ్య. ఉన్న రెండెకరాలూ అమ్మేందుకు బావగారు సిద్ధమే కానీ ఎటూ తేల్చుకోలేకపోతున్నారు. చివరికి 'ఓసారి వాణ్ని తీసుకెళ్లి అదేంటో చూసిరా' అంటూ నాకు అప్పజెప్పారు.

అలా ఇద్దరం లక్నోలో దిగి, రాయబరేలీ మీదుగా ఫుర్సత్‌గంజ్‌ చేరుకున్నాం. రైల్వేస్టేషన్‌ పేరు 2024లో తపేశ్వర్‌నాథ్‌ ధామ్‌గా మారినా ఊరు మాత్రం ఫుర్సత్‌గంజే. ఫుర్సత్‌ అంటే తీరిక. పేరుకు తగ్గట్టే పొలాల మధ్య నిదానంగా కనిపిస్తుందా ఊరు. తీరిక లేనిదల్లా ఆకాశానికే! కేంద్రప్రభుత్వం 1985లో నెలకొల్పిన ఇందిరాగాంధీ రాష్ట్రీయ ఉడాన్‌ అకాడమీ ఉన్నది ఇక్కడే. చిన్నచిన్న డైమండ్‌ విమానాలు లేస్తాయి, ఓ చుట్టు తిరిగి దిగుతాయి, మళ్లీ లేస్తాయి. మావాడు తలెత్తి అలా చూస్తూ ఉండిపోయాడు.

టీకొట్టు దగ్గర తెలుగు వినిపించింది. ఇద్దరు కుర్రాళ్లు. ఒకతను ఇంటర్‌ కాగానే వచ్చాడు, రెండో అతను బీటెక్‌ చేసి వచ్చాడు. మా సంగతి చెప్పాం.

'లైసెన్సుకు డిగ్రీ అక్కర్లేదండీ' అన్నాడు మొదటి అబ్బాయి. ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్‌ ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండాలి. డీజీసీఏ పరీక్షలు పాసై, 200 గంటలు విమానం నడిపితే కమర్షియల్‌ పైలెట్‌ లైసెన్సు వస్తుంది. 'ఎంత ముందు చేరితే అంత సీనియారిటీ' అన్నాడు.

బీటెక్‌ కుర్రాడు నవ్వాడు. 'లైసెన్సు వచ్చినంత మాత్రాన ఉద్యోగం వచ్చినట్టు కాదన్నా. పెద్ద విమానం నడపాలంటే టైప్‌ రేటింగ్‌ చేయాలి. దానికీ లక్షలే. 2019లో జెట్‌ ఎయిర్‌వేస్‌ ఆగిపోయింది. మరుసటేడు కొవిడ్‌. 2023లో గో ఫస్ట్‌. అలాంటప్పుడు ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి డిగ్రీ పనికొస్తుంది' అన్నాడు. అన్నిటికన్నా ముందు క్లాస్‌-2, క్లాస్‌-1 మెడికల్‌ పరీక్షలు చేయించుకోమన్నాడు. రంగులు గుర్తుపట్టడంలో లోపం బయటపడితే లక్షలు కట్టాక వెనక్కి రావాల్సిందేనట.

'ఈ ఊళ్లోనే యూనివర్సిటీ కూడా ఉందిగా' అంటూ చెయ్యి చూపించాడు. 2013 నాటి చట్టంతో ఏర్పాటైన రాజీవ్‌గాంధీ జాతీయ విమానయాన విశ్వవిద్యాలయం అది. మావాడు అటు ఓసారి, ఆకాశం వైపు ఓసారి చూశాడు.

తిరిగొచ్చేటప్పుడు లక్నో దాకా వాడు పెద్దగా మాట్లాడలేదు. ఊళ్లోకి వచ్చాక అన్నాడు.

'మామయ్యా, ముందు మెడికల్‌కి వెళ్తా. అది గట్టెక్కితే అకాడమీ ప్రవేశపరీక్ష రాస్తా. సీటొస్తే అంబేద్కర్‌ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీకి కట్టి, రెండూ చదువుతా. రాకపోతే మామూలుగా కాలేజీలో చేరిపోతా. అప్పటిదాకా పొలం అమ్మొద్దని నాన్నకు చెప్పవా?'

అక్కయ్యకు ఫోన్‌ చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

'డిగ్రీ దరఖాస్తుకు గడువెప్పుడో కనుక్కోరా' అంది.