దానంతట అదే

మొన్న ఫెస్ట్‌లో మా రెండు నిమిషాల వీడియో చూసినవాళ్లలో కనీసం పది మంది నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే. "ఆ వీధి షాట్ ఏ మోడ్‌లో తీశావురా?" ఏ మోడ్‌లోనూ కాదంటే నమ్మలేదు. క్యాంటీన్‌లో టీ అయిపోయేలోపు చెప్పే విషయం కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నా. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. ఒత్తులు ఎక్కడైనా పోతే ఎడిటర్ అక్క క్షమించాలి.

డ్రోన్ నాది కాదు. మా సీనియర్ అన్నది. బరువు 249 గ్రాములు, మడిస్తే అరచేతిలో పడుతుంది. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల లోపుది 'నానో' కిందికి వస్తుంది, సరదాకి ఎగరేసుకోవడానికి పైలట్ లైసెన్స్ అక్కర్లేదు. అలాగని ఎక్కడ పడితే అక్కడ లేపకూడదు. బాపట్ల పక్కన సూర్యలంకలో వైమానిక దళం స్థావరం ఉంది కదా, అందుకని చీరాల బయల్దేరే ముందు డిజిటల్ స్కై మ్యాప్ రెండుసార్లు చూసుకున్నా. అన్న డ్రోన్ చేతిలో పెడుతూ ఒక్క మాటే అన్నాడు. "అన్నీ ఆటో మోడ్‌లే. నువ్వు చేసేదేం లేదు."

మొదటి సాయంత్రం వాడరేవులో ఆ మాట నిజమే అనిపించింది. ఒడ్డున ఇసుకలో ఒక పడవ ఉంది. తెర మీద దాని చుట్టూ వేలితో పెట్టె గీస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుంది. డ్రోనీ అంటే పడవ వైపే చూస్తూ వెనక్కీ పైకీ వెళ్లిపోవడం. రాకెట్ అంటే కెమెరా కిందికి వంచి నిటారుగా లేవడం. సర్కిల్ అంటే చుట్టూ తిరగడం, హెలిక్స్ అంటే తిరుగుతూ పైకి పోవడం. బూమరాంగ్ అంటే కోడిగుడ్డు ఆకారంలో చుట్టేసి మళ్లీ మొదటికే రావడం. ఒక్క అరగంటలో అయిదూ అయిపోయాయి. రాత్రి ఇంట్లో చూసుకుంటే అద్భుతంగా ఉన్నాయి. కానీ ఎక్కడో చూసినట్టున్నాయి. గోవాలో తీసినా, వైజాగ్‌లో తీసినా, పెళ్లి వీడియోలో అయినా ఇవే అయిదు. పడవ ఒక్కటే మారుతుంది.

ఆ రాత్రి బ్యాటరీ ఛార్జింగ్ పెట్టాను. స్విచ్ వేయడం మర్చిపోయాను.

మా తాతయ్యది జాండ్రపేట. గుంట మగ్గం. నా వీడియోకి అసలు కావలసింది సముద్రం కాదు, ఆ వీధి. తెల్లారక ముందే వీధి పొడవునా పడుగు చాచి గంజి పెడతారు. తెలియనివాళ్ల కోసం: చీరలో నిలువు దారాలు పడుగు, అడ్డం దారాలు పేక. మగ్గం మీదికి వెళ్లే ముందు పడుగుని ఇంటి దగ్గర రాట నుంచి ఆ చివర వేప చెట్టు దాకా సాగదీసి, మధ్యమధ్యలో వెదురు బద్దలు గుచ్చి, గంజి పట్టించి, పెద్ద కుంచెతో దువ్వుతారు. కుంచె పట్టుకుని ఇటు నలుగురు, అటు నలుగురు పడుగు వెంట నడుస్తూనే ఉంటారు. వేల పోగులు. ఒకదానికొకటి అతుక్కోకుండా ఆరాలి. ఎండ ముదిరేలోపు పని అయిపోవాలి. పడుగు షావుకారుది, మజూరీ మాత్రమే మనది.

నేను అరుగు మీద డ్రోన్ పెట్టేసరికి వెలుగు వచ్చేస్తోంది. బ్యాటరీ 38 శాతం. కంగారులో వెంటనే లేపేశాను. పడుగు మీదుగా కొంచెం ముందుకి పోనిచ్చాక రిమోట్‌లోంచి ఆడగొంతు వినిపించింది, హోమ్ పాయింట్ అప్‌డేట్ అయిందని. విన్నాను, పట్టించుకోలేదు.

పెట్టె గీశాను. పడుగు మీద పెట్టె నిలవలేదు. రెండు సెకన్లకే జారిపోయి పక్కింటి పిల్లాడి ఎర్ర చొక్కా పట్టుకుంది. మళ్లీ గీశాను, ఈసారి మేకని పట్టుకుంది. అప్పుడు తిట్టుకున్నా గానీ, తర్వాత ఆలోచిస్తే మనం కంప్యూటర్ విజన్‌లో చదివేదే ఇది. అపర్చర్ ప్రాబ్లం. చిన్న కన్నంలోంచి పొడవైన గీతని చూస్తూ ఉండండి. ఆ గీత తన పొడవు వెంటే కదిలితే మీకు ఏమీ కదలనట్టే ఉంటుంది, ఎందుకంటే గీతలో ఏ ముక్క చూసినా ఒకేలా ఉంటుంది. అందుకే ట్రాకింగ్‌కి మూలలు కావాలి. 1988లో హారిస్, స్టీఫెన్స్ రాసిన పేపర్ మూలలు ఎలా వెతకాలన్నదాని గురించే. పడుగులో మూల ఎక్కడుంది? ఈ చివర నుంచి ఆ చివర దాకా గీతలే. ఎర్ర చొక్కాకి మాత్రం బోలెడు మూలలు. ఆ మోడ్‌లన్నిటికీ ఫ్రేమ్ మధ్యలో ఒక 'సబ్జెక్ట్' ఉండాలి. మా వీధిలో మనుషులు, కుంచెలు, దారం అన్నీ కలిసే సబ్జెక్ట్. దాని చుట్టూ పెట్టె గీయలేం.

సర్లే అని రాకెట్ కొట్టాను, పైనుంచైనా వీధి మొత్తం వస్తుందని. అది లేచింది. నేను ఆకాశంలో దాన్ని వెతుక్కుంటున్నా. ఎండకి తెర సరిగా కనిపించడం లేదు. బ్యాటరీ తక్కువైంది, పది సెకన్లలో ఇంటికొచ్చేస్తా, వద్దనుకుంటే ఆపు అని అడిగిందట. నేను చూడలేదు. బీప్ బీప్‌మంటూ కిందికి దిగడం మొదలైంది.

ఇంటికే వచ్చింది. కాకపోతే దాని లెక్కలో ఇల్లు మా అరుగు కాదు. జీపీఎస్ సిగ్నల్ సరిగా అందిన క్షణంలో అది ఎక్కడుంటే అదే హోమ్ పాయింట్. నేను ఆగకుండా లేపేశాను కాబట్టి సిగ్నల్ అందేసరికి అది పడుగు మీద ఉంది. ఇప్పుడు సరిగ్గా అక్కడికే దిగుతోంది.

పడుగుకి అరమీటరు పైన ఆగింది. దాని గాలికి తడి పోగులు అలల్లా లేస్తున్నాయి. "ఒరేయ్, తియ్యరా దాన్ని!" అని ఎవరో అరిచారు. ఆ తర్వాత ఒక చప్పుడు. మిక్సీలో చెంచా పడితే వచ్చే చప్పుడు. రెక్కలు దారాన్ని చుట్టేసుకుని ఆగిపోయాయి.

తాతయ్య పరిగెత్తలేదు. మెల్లగా వచ్చి, కుంచె కింద పెట్టి, డ్రోన్‌ని పిట్టని పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు, ఇంకే పోగూ లాగకుండా. నేను నోరు తెరిచి అన్న మొదటి మాట: "దానంతట అదే దిగిపోయింది తాతయ్యా."

అరవై మూడు పోగులు తెగాయి. లెక్క నాదే, కూర్చుని చూస్తూ ఉన్నాను కాబట్టి. తాతయ్య, పక్కింటి పిన్ని, ఇంకో ఇద్దరు ఒక్కో చివర వెతికి, వేలు తడి చేసుకుని, మెలిపెట్టి అతికారు. ఈలోగా ఎండెక్కింది. అక్కడక్కడా గంజి చిక్కులతో సహా ఆరిపోయింది. దాన్ని మళ్లీ తడిపి మళ్లీ దువ్వారు. ఉదయం ఎనిమిదికి అయిపోవాల్సిన పని పన్నెండు దాటింది. ఆ ఎనిమిది మందికీ వెళ్లాల్సిన ఇంకో పడుగు ఉంది, వెళ్లలేదు. నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు. "మిషను కదా, దానికేం తెలుసు" అంది పిన్ని. నాయనమ్మ టిఫిన్ పెడితే తినలేకపోయాను.

రాత్రి యాప్‌లో ఫ్లైట్ రికార్డ్ తెరిచాను. నిజానికి అన్నకి ఏం చెప్పాలో చూసుకుందామని. ఎగిరిన దారితో పాటు మన వేళ్లు స్టిక్‌ని ఎటు నొక్కాయో కూడా అందులో ఉంటుంది. చివరి పది సెకన్లు నాలుగుసార్లు వేసుకుని చూశాను. అరమీటరు ఎత్తులో డ్రోన్ ఆగింది. ఎందుకాగిందంటే, కింద దిగడానికి సరైన నేల కాదని దాని సెన్సర్‌కి అనుమానం వచ్చింది. దించమంటావా అని నన్నే అడిగింది. అప్పుడు ఎడమ స్టిక్ పూర్తిగా కిందికి ఉంది. నా బొటనవేలు. బ్యాటరీ ఎర్రగా కనిపించింది, ఎలాగైనా దిగితే చాలనుకున్నా. నేను చూస్తున్నది తెరని, వీధిని కాదు.

అంటే ఆ మొత్తంలో ఒక్క క్షణం మిషనే ఆగి ఆలోచించింది. దాన్ని దించింది నేను.

తెల్లారి తాతయ్య మగ్గం గుంటలో కూర్చున్నాడు. నేను పక్కన గట్టు మీద. తలపైన జకార్డు. ఆ జకార్డు అట్టల గురించి నేను ఫస్టియర్‌లో సెమినార్ కూడా ఇచ్చాను: 1804లో ఫ్రాన్స్‌లో జోసెఫ్ మేరీ జకార్డ్ తెచ్చిన మగ్గం, కన్నాలున్న అట్టలు, ఏ పోగు లేవాలో అట్టే చెప్పడం, తర్వాత కంప్యూటర్ పంచ్ కార్డులకి అదే దారి చూపడం. స్లైడ్‌లో బొమ్మ ఇంటర్నెట్‌లోది పెట్టాను. మా ఇంట్లోదాన్ని ఫోటో తీయాలని కూడా తోచలేదు.

చెప్పేశాను. "అది దిగలా తాతయ్యా. ఆగింది. నేనే దించా."

తాతయ్య నాడె ఆపలేదు. నాలుగు పేకలు పడ్డాక అన్నాడు. "అట్ట చిరిగిందనుకో. పువ్వు తప్పు పడుద్ది. షావుకారు అట్టని తిడతాడా, నన్ను తిడతాడా?"

"నిన్నే."

"మరి?" అన్నాడు. ఇంకో రెండు పేకలు. "నిన్ననే చెప్పొచ్చుగా, ఆ పిల్లదానికి. మిషనుని తిట్టుకుంటా కూర్చుంది పాపం."

పిన్ని ఇంటికి వెళ్లి చెప్పాను. ఆ ఎనిమిది మందిలో దొరికినవాళ్లందరికీ చెప్పాను. ఇది రాసినంత తేలిగ్గా జరగలేదు, ఒకాయన మొహం తిప్పుకున్నాడు. పోయిన పూట మజూరీ ఇస్తానంటే తీసుకోలేదు. రెక్కలు కొత్తవి కొని వేసి అన్నకి ఇచ్చాను.

సంక్రాంతి అయ్యాక ఒక ఆదివారం మళ్లీ అడిగి, ఒప్పుకున్నాకే వెళ్లాను. ఈసారి డాబా మీంచి లేపాను. హోమ్ పాయింట్ అన్నాక మ్యాప్‌లో చుక్క డాబా మీదే ఉందో లేదో చూసుకున్నాకే కదిలించాను. పన్నెండు మీటర్ల ఎత్తు, పడుగుకి గాలి తగలకుండా. స్టిక్‌ని కాస్తే నొక్కి, పిన్ని కుంచెతో ఎంత మెల్లగా నడుస్తోందో అంతే మెల్లగా, పక్కకి. ఆరు టేకులు పాడయ్యాయి. నా వేలు వణికితే ఫ్రేమ్ వణికింది. ఏడోది మీరు చూసింది, నలభై సెకన్లు.

చేత్తో తీశానని గొప్పగా చెప్పుకోవడానికీ లేదు. గాల్లో ఒకచోట నిలబడటం కూడా ఆ కంప్యూటరే చేస్తుంది, అది లేకపోతే నేను పది సెకన్లు కూడా నిలబెట్టలేను. సముద్రం మీద ఎగరేస్తే రిటర్న్ టు హోమ్ లేకుండా నేనైతే లేపను. అన్న చెప్పినదాంట్లో "నువ్వు చేసేదేం లేదు" ఒక్కటే తప్పు.

వీడియో పూర్తయ్యాక ఫోన్‌లో తాతయ్యకి చూపించాను. కళ్లజోడు పెట్టుకుని, ఫోన్ దూరంగా పట్టుకుని చూశాడు. మ్యూజిక్ గురించి ఏం అనలేదు, పొద్దుటి వెలుగు గురించీ అనలేదు. ముప్పయ్యో సెకను దగ్గర ఆపమన్నాడు.

"ఆ మూడో బద్ద సూడు, వంకరగా ఉంది. అందుకే ఆ పక్క పోగులు వదులైనయ్. పైనుంచి అంతా కనపడతానే ఉందిగా నీకు. ఒక కేక వెయ్యొచ్చుగా?"