వసారాలో నాన్న

మా నాన్న రైల్వే టైంటేబుల్‌ని నవల చదివినట్టు చదివేవాడు. రాత్రి భోజనాలయ్యాక వసారాలో పడక్కుర్చీ వాల్చుకుని, ఆ పూట ఏ ఊరు మనసులో మెదిలితే ఆ ఊరి పట్టిక తీసేవాడు. చూపుడువేలు స్టేషన్ల వరస వెంబడి దిగుతూ ఉండేది. బండి ఎక్కడైనా మామూలు కంటే ఎక్కువసేపు ఆగుతున్నట్టు కనబడితే వేలు కూడా అక్కడే ఆగేది. "ఇక్కడ ఇంజను మారుస్తారు" అనో, "ఇక్కడ భోజనాలు ఎక్కిస్తారు" అనో తనలో తను అనుకుని మళ్ళీ కదిలేవాడు.

నాన్న విజయవాడ గూడ్స్ ఆఫీసులో గుమస్తా. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. ఆ తరవాత కొద్దికాలానికే ఉద్యోగంలో చేరాడు. ఉన్న ఊరేమో పెద్ద జంక్షను. మద్రాసు వైపు, విశాఖ వైపు, కాజీపేట వైపు, గుంటూరు వైపు, గుడివాడ మీదుగా బందరు వైపు, ఎటు కావాలంటే అటు పట్టాలున్నాయి. రైల్వే వాళ్ళం కాబట్టి పాసులూ ఉన్నాయి. కానీ ఆ పాసులన్నీ పెళ్ళిళ్ళకీ, పురుళ్ళకీ, పెద్దవాళ్ళ కార్యాలకీ అయిపోయేవి. మిగతా దేశమంతా నాన్న పడక్కుర్చీలో కూచునే తిరిగాడు, మమ్మల్నీ తిప్పాడు.

"పూరీ వెళ్ళాలి. ఎక్కడ మారాలి?"

"ఖుర్దా రోడ్డు" అనేవాడు అన్నయ్య.

"షిరిడీకి?"

"మన్మాడు."

"రామేశ్వరానికి? చెప్పమ్మా, ఇది నీది."

మద్రాసు సెంట్రల్లో దిగి, సామాన్లు పట్టుకుని ఎగ్మూరు వెళ్ళి, అక్కడ మీటరు గేజి బండి ఎక్కాలి. ఆ రోజుల్లో అంతే. ఒక్క మెట్టు తప్పకుండా చెబితే నాన్న "ఇంక దిగు" అనేవాడు. ఆ మాట కోసం నేను దక్షిణాది పట్టికలన్నీ బట్టీ పట్టాను. ఢిల్లీ వైపు నాగపూరు, ఇటార్సీ, భోపాల్, ఝాన్సీ అని వరసగా అప్పజెప్పడం ఎక్కాలకంటే ముందు వచ్చింది నాకు. భూగోళం పరీక్షలో ఆ పేర్లు ఎప్పుడూ అడగలేదు గానీ, పటం మీద ఏ ఊరి పేరు చూసినా అక్కడికి బండి ఎటునుంచి వెళుతుందని ఆలోచించే అలవాటు నాకింకా పోలేదు.

నాన్న ఇష్టాలన్నీ అలా వసారాలోనే సాగాయి. ఇన్నేళ్ళ తరవాత ఆలోచిస్తే నాకు అన్నిటికన్నా విశేషంగా తోచేది ఇదే. సత్యనారాయణపురంలో మేమున్న వాటాకి రెండు గదులు, వంటిల్లు, ముందువైపు పొడుగాటి వసారా. ఎవరు బయటికి వెళ్ళాలన్నా, లోపలికి రావాలన్నా నాన్నని దాటుకునే పోవాలి. తలుపు వేసుకుని ఒక్కడే అనుభవించే సరదా నాన్నకి ఒక్కటీ లేదు. రేడియో మోగినా, పళ్ళు మగ్గినా, జిగురు ఉడికినా ఆ పాట, ఆ వాసన అందరివీ. మాకేది ఇష్టమో మేము తేల్చుకునే వయసు వచ్చేలోపే సగం ఇష్టాలు మమ్మల్ని అంటుకుపోయాయి. ఇప్పటి మా ఇళ్ళల్లో ఒకే సోఫా మీద నలుగురం కూచుని నలుగురం నాలుగు వింటున్నాం. ఎవరి ఇష్టం వాళ్ళకి దక్కుతోంది, నిజమే. పక్కవాడి ఇష్టం మాత్రం చెవిన పడటం లేదు. అది పెద్ద నష్టమేనని నా నమ్మకం.

పొద్దున్న రేడియోతో తెల్లారేది. మా పాత వాల్వు సెట్టు వేడెక్కి గొంతు విప్పడానికి కాస్త వ్యవధి తీసుకునేది. నాన్న మొహం కడుక్కోవడానికి వెళుతూ మీట తిప్పి వెళ్ళేవాడు. తువ్వాలుతో తుడుచుకుంటూ వచ్చేసరికి భక్తిరంజని వసారా అంతా నిండి ఉండేది. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. బాలాంత్రపు రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ, ఓలేటి వెంకటేశ్వర్లు, శ్రీరంగం గోపాలరత్నం వంటివాళ్ళు పనిచేసిన కేంద్రం అది. వాళ్ళున్న ఊళ్ళో తనూ ఉంటున్నందుకు నాన్నకి ఎంత గర్వమో! చుట్టాలెవరైనా వస్తే కనకదుర్గమ్మ గుడి, బ్యారేజీ చూపించాక, రేడియో స్టేషను గేటు కూడా చూపించి తీసుకొచ్చేవాడు.

ఓలేటివారి సంగీత శిక్షణ వచ్చే వేళకి నాన్న చేతిలో నోటుపుస్తకం ఉండేది. సాహిత్యం ఒక వరసలో, స్వరం దాని కింద పెన్సిలుతో. నాన్న ఎక్కడా సంగీతం నేర్చుకోలేదు. పది మందిలో ఎన్నడూ పాడలేదు. పాఠం జరుగుతున్నంతసేపూ పెదవులు కదిలేవి, కుడిచెయ్యి తొడ మీద తాళం వేసేది, అంతే. పాట మొదలవగానే రాగం పేరు మాత్రం పైకి అనేవాడు. "మోహన." కాసేపటికి ఇంకోటి వస్తే, "హిందోళం." అది మాకు చెబుతున్నట్టు కాదు, అడుగుతున్నట్టూ కాదు. విని విని మాకే తేడా తెలిసిపోయింది. ఏ గురువూ లేకుండా నాకు వచ్చిన ఆ నాలుగు రాగాలే ఇవాళ్టికీ నాకున్న సంగీతం.

ఆదివారం మధ్యాహ్నం ఉషశ్రీగారి ధర్మసందేహాలు. ఆ గొంతు ఒక్క మా ఇంట్లోంచే కాదు, వీధి పొడుగునా వినబడేది. మా ఇంటి ముందు విన్న వాక్యం చివర వీధి మలుపులో దొరికేది. ఆ ఒక్క కార్యక్రమానికి అమ్మ వంటింటి గడప దాటి వచ్చి స్తంభానికి ఆనుకుని కూచునేది. జవాబు ఎలా ఉండబోతోందో అమ్మ ముందే చెప్పేది, చాలాసార్లు అదే అయ్యేది. అప్పుడు నాన్న రేడియో వైపు కాక అమ్మ వైపు చూసేవాడు.

వేసవి వస్తే నాన్న ఆఫీసు నుంచి మామిడి వాసనతో వచ్చేవాడు. నూజివీడు తోటల కాయ విజయవాడ మీదుగా వ్యాగన్లలో ఉత్తరాదికి వెళ్ళేది. దానికి కాగితాలు రాసేది నాన్నవాళ్ళే. పగలంతా కాయల మధ్య ఉన్న మనిషి ఇంటికొచ్చి చొక్కా విప్పి మళ్ళీ కాయల దగ్గరికే వెళ్ళేవాడు. మంచం కింద వరిగడ్డి పరిచి మగ్గబెట్టిన కాయలు. ఒక్కోదాన్నీ తీసి, ముచ్చిక దగ్గర వాసన చూసి, ఇవాళ్టివి ఇటు, రేపటివి అటు సర్దేవాడు. బంగినపల్లి కోసుకోవాలి, రసం కత్తి చూడకూడదు. ఇది మా ఇంటి శాసనం. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు వచ్చిందని పేపర్లో చదివి, "మంచిదే. మరి మన చిన్నరసం ఏం పాపం చేసింది?" అని నాన్న నిజంగానే బాధపడ్డాడు.

చిన్నరసం సిద్ధం చెయ్యడం చూడాలి. బకెట్టు నీళ్ళలో బాగా నానిన పండుని తుడిచి, రెండు అరచేతుల మధ్యా పెట్టి దొర్లించేవాడు. తొక్క చిట్లకూడదు, లోపల పీచులోంచి గుజ్జు విడాలి. తరవాత బొటనవేళ్ళతో ముచ్చిక చుట్టూ నొక్కుతూ కిందికి, మళ్ళీ పైకి. టెంక లోపల వదులుగా కదులుతోందని వేళ్ళకి తెలిశాక ముచ్చిక గిల్లి, మొదట వచ్చే సొన చుక్కలు పిండి పారేసి, అప్పుడు చేతికిచ్చేవాడు. మొదటిది చెల్లాయికి, తరవాత నాకు, ఆ తరవాత అన్నయ్యకి. మోచేతుల దాకా కారేది. "కారనీ, కడుక్కోవచ్చు" అనేవాడు.

ఆ కారినదంతా కడిగేది అమ్మ. తొక్కలు, టెంకలు ఎత్తేది అమ్మ. కాఫీ గింజలు ఎంచి, వేయించడం ఎంత, చికోరీ పాలు ఎంత అని కొట్టువాడితో మాట్లాడి పొడి పట్టించుకొచ్చేది నాన్న. అందరికంటే ముందు లేచి ఫిల్టరులో వేణ్ణీళ్ళు పోసేది అమ్మ. కాఫీ బాగుందన్న పేరు నాన్నది. ఈ మాట రాయకపోతే నాన్న గురించి నేను రాసేది సగమే అవుతుంది. ఆ తరం మగవాళ్ళ రసికత చాలామటుకు ఇంట్లో ఆడవాళ్ళ నడుం మీద నిలబడింది, మా ఇల్లు వేరు కాదు. ఆ మామిడి పళ్ళ మధ్యాహ్నాలు తలుచుకుంటే నాన్న చేతులు, మా ముగ్గురి మొహాలు కళ్ళ ముందుకొస్తాయి. అమ్మ తన పండు ఎప్పుడు తినేదో, ఎక్కడ కూచుని తినేదో ఎంత తలుచుకున్నా గుర్తు రాదు.

గోడ గడియారానికి కీ ఇవ్వడం, ఆదివారం సైకిలు కడిగి గొలుసుకి నూనె వెయ్యడం నాన్న చేసేవాడు గానీ, అవి అందరి నాన్నలూ చేసేవే. మా నాన్నకి మాత్రమే ఉన్న పని ఇంకోటి ఉంది. అది పూర్తిగా అమ్మ కోసం.

అమ్మకి సీరియళ్ళంటే ఇష్టం. వారపత్రిక రాగానే ముందు సీరియల్, తరవాతే మిగతావి. సీరియల్ పూర్తయ్యాక ఆ కాగితాలన్నీ పత్రికల్లోంచి విడదీసి పుస్తకంగా కుట్టేవాడు నాన్న. చాలా ఇళ్ళల్లో బైండు చేయించుకునేవాళ్ళు. నాన్న తనే చేసేవాడు. పిన్నులు ఊడదీసి, కాగితాలు వరసగా పెట్టి, అంచులు బల్లకేసి తట్టి సమం చేసి, దబ్బనంతో బెజ్జాలు పొడిచేవాడు. విడి కాగితాలు గనక పక్కకుట్టే వెయ్యాలి. దారానికి మైనం పట్టించడం నా పని. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా అందులో చిటికెడు మైలుతుత్తం కలిపేవాడు. అది విషం గనక ఆ గిన్నె జోలికి మమ్మల్ని రానిచ్చేవాడు కాదు. పాత క్యాలెండరు అట్ట, మీద నల్ల కాలికో, రాత్రంతా పైన సన్నికల్లు బరువు. పొద్దున్నకి పుస్తకం. వెన్ను మీద తెల్ల కాగితం ముక్క అంటించి ఇండియన్ ఇంకుతో పేరు రాసేవాడు. వ్యాగన్ల చీటీలు రాసి రాసి కుదిరిన గుండ్రటి అక్షరాలవి. ఎంత దూరం నుంచైనా చదవొచ్చు.

ఆ పుస్తకాల్లో నాకు ఇంకో సుఖం ఉండేది. సీరియల్ కాగితం వెనకవైపు ఏ కథ చివరి సగమో, ఏ వంటకం సగమో, జవాబుల్లేని ప్రశ్నల శీర్షికో అచ్చయి ఉండేది. ఆ సగం కథలకి మొదళ్ళు నేనే అల్లుకునేదాన్ని.

యండమూరి వీరేంద్రనాథ్ 'తులసిదళం' ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిన రోజుల్లో మా వీధిలో సాయంత్రం దాటాక పిల్లలు ఒంటరిగా పెరట్లోకి వెళ్ళేవాళ్ళు కాదు. సీరియల్ అయిపోయింది. నాన్న కాగితాలు సర్దితే ఒక వారం లేదు. ఎవరికో చదవడానికిచ్చిన పత్రిక తిరిగి రాలేదు. అమ్మ "పోన్లెండి, ఆ కథ నాకు గుర్తే" అంది. నాన్న ఒప్పుకోలేదు. పక్కింటి వాళ్ళ ప్రతి రెండు రాత్రులకి అరువు తెచ్చి, ఆ వారం మొత్తం తెల్లకాగితాల మీద రెండు కాలాలుగా ఎత్తిరాశాడు. పత్రికలో పేరా ఎక్కడ విరిగితే అక్కడే విరిచాడు. అప్పటిదాకా నవల అన్నది ముట్టని మనిషి. క్షుద్ర ప్రయోగం ఘట్టం రాస్తూ రాస్తూ కలం ఆపి, వంటింట్లోకి వినబడేలా అడిగాడు: "ఏమోయ్, ఆ పిల్ల బతుకుతుందా?"

"పూర్తిగా చదువుకోండి" అంది అమ్మ.

చదివాడు. అప్పటినుంచి సీరియళ్ళు ఇద్దరివీ అయ్యాయి. సోమవారం వంటింట్లో అమ్మ, వసారాలో నాన్న, మధ్యలో గోడకి అటూ ఇటూ నడిచే చర్చ. ఫలానా పాత్ర అలా చెయ్యడం న్యాయమా అని నాన్న, మీకేం తెలుసు ఆడదాని బాధ అని అమ్మ. పిల్లల ముందు వాళ్ళిద్దరూ మనసు విప్పి మాట్లాడుకోవడం నేను వినగలిగింది ఆ సీరియళ్ళ పుణ్యమా అనే.

నాన్నకి ఎనభై దాటాయి. ఇప్పుడు అపార్టుమెంటులో వసారా లేదు. హాల్లో పడక్కుర్చీ వేసుకుంటాడు. విజయవాడ కేంద్రం ఫోన్లో వస్తుంది. చెవిలో పెట్టుకోవయ్యా తాతా అని నా కొడుకు ఇచ్చిన ఇయర్‌ఫోన్లు డబ్బా విప్పకుండా అలాగే ఉన్నాయి. బండ్ల వేళలు కూడా ఫోనే చెబుతుందని చూపిస్తే, "వేళ చెబుతోంది, దారి చెప్పట్లేదు" అన్నాడు.

మొన్న వేసవిలో వెళ్ళినప్పుడు అమ్మ ఆ పాత తులసిదళం తీసింది. వెన్ను ఊడిపోయింది, కుట్టు వదులైంది. మళ్ళీ కట్టాలన్నాడు నాన్న. వన్‌టౌన్‌లో మూడు కొట్లు తిరిగి మైలుతుత్తం తెచ్చాం. దబ్బనం పట్టుకుంటే వేళ్ళు వణుకుతున్నాయి, అందుకని అది నా కొడుకు చేతికిచ్చి, "నిలువుగా పొడవాలి నాన్నా, వాలిస్తే అవతల బెజ్జం తప్పుతుంది" అని పక్కన కూచుని చెబుతున్నాడు. పొయ్యి దగ్గరికి మాత్రం ఎవర్నీ రానివ్వలేదు. మైదా తనే కలుపుతున్నాడు.

"అమ్మమ్మా, ఈ నవల ఇప్పుడు కొత్తది దొరుకుతుంది కదా" అన్నాడు నా కొడుకు.

"దొరుకుతుంది. అందులో మీ తాత రాసిన పేజీలుండవు" అంది అమ్మ.

నాన్న గరిటె ఆపి, కళ్ళజోడు మీదుగా ఆ కాగితాల వైపు చూశాడు. "ఆ ఇంకు వెలిసిపోయిందే. కొత్త కాగితాల మీద మళ్ళీ రాసి పెడతాను."

"అక్కర్లేదు. అవే ఉండనివ్వండి. ముందా మైదా దింపండి, అడుగంటుతోంది."